ఊళ్లో మూడు ప్రభుత్వ హైస్కూళ్లు: పాస్ శాతం చూసి తేల్చేయకండి

మీరు అడిగింది ఇదీ. ఉద్యోగం బదిలీ మీద ఒక చిన్న పట్టణానికి వెళ్తున్నారు. అక్కడ ప్రభుత్వ హైస్కూళ్లు మూడు. ఒకటి పాతది, పేరున్నది, పోయినేడు 98 శాతం పాస్ అని గేటు మీద బ్యానర్ కట్టారు. రెండోది ఊరి మధ్యలో పెద్ద బడి, వెయ్యికి పైగా పిల్లలు, 84 శాతం. మూడోది ఊరి చివర కొత్తగా కట్టిన చిన్న బడి, ఒక ఏడు 93 శాతం, మరుసటి ఏడు 80. మీ అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో అడుగు పెడుతోంది. చదువులో మధ్యస్థం, లెక్కలంటే జంకు, కొత్తవాళ్లతో త్వరగా కలవదు. ఎవరిని అడిగినా "పాత బడిలో సీటు దొరికితే ఇంకేం ఆలోచించకండి" అంటున్నారు. అది నిజమేనా అని మీ అనుమానం.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. చివరి ఆరేళ్లు హెడ్మాస్టర్‌గా ఉన్నాను. అయిదు బడులు మారాను. వాటిలో పేరున్నవీ ఉన్నాయి, పేరు చెబితే జనం మొహం తిప్పుకునేవీ ఉన్నాయి. నా పిల్లలిద్దర్నీ ప్రభుత్వ బడుల్లోనే, అదీ రెండు వేర్వేరు బడుల్లో చదివించాను. ఎందుకు వేర్వేరో తర్వాత చెప్తాను. పాత బడి మంచిదే అయ్యుండొచ్చు. కానీ మీకు వాళ్లు చెప్పిన కారణం మాత్రం చెల్లదు.

98 శాతం అనగానే ముందు అడగాల్సింది, దేంట్లో 98 అని. పరీక్షకు కూర్చున్నవాళ్లలోనా, ఆ బ్యాచ్‌లో చేరినవాళ్లలోనా? బ్యానర్ మీద వేసేది ఎప్పుడూ మొదటి లెక్కే. ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు నేను వేసుకున్నవే. పాత బడిలో హైస్కూల్ మొదటి ఏడాదిలో 80 మంది చేరారనుకోండి. ఆ బ్యాచ్ నుంచి ఫైనల్ పరీక్షకు 50 మందే కూర్చున్నారు, 49 మంది పాసయ్యారు. 98 శాతం. పెద్ద బడిలో 210 మంది చేరారు, 200 మంది కూర్చున్నారు, 168 మంది పాసయ్యారు. 84 శాతం. ఇప్పుడు కూర్చున్నవాళ్లతో కాకుండా చేరినవాళ్లతో భాగించండి. పాత బడి 61 శాతానికి జారిపోతుంది. పెద్ద బడి 80 దగ్గర నిలబడుతుంది.

మరి పాత బడిలో చేరిన ఆ మిగతా ముప్ఫై మంది ఏమయ్యారు? కొందరు ఊరు మారి ఉంటారు, అది ఎక్కడైనా ఉండేదే. కొందరు మానేసి ఉంటారు. కొందర్ని పంపించేసి ఉంటారు.

ఈ పంపించేయడం గురించి గాలి కబుర్లు చెప్పడం లేదు. నేను పనిచేసిన ఒక బడిలో అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక స్టాఫ్‌రూమ్‌లో ఒక లిస్టు తయారయ్యేది. ఒక ఏడు అందులో పదకొండు పేర్లు. ఒక్కొక్కరి తల్లిదండ్రుల్ని పిలిపించి, "మీవాడు ఇక్కడ గట్టెక్కేలా లేడండీ, టీసీ తీసుకుని ఇంకో బడిలో వేయండి, లేదంటే ప్రైవేటుగా కట్టించండి" అని మెల్లగా చెప్పేవాళ్లం. ఎవర్నీ గద్దించలేదు, బలవంతపెట్టలేదు. తొమ్మిది మంది వెళ్లిపోయారు. ఆ ఏడు మా బడికి 96 శాతం వచ్చింది, పై నుంచి అభినందన లేఖ కూడా వచ్చింది. ఆ లిస్టులో లెక్కల మార్కుల గడి నింపింది నేనే. ఒక తండ్రి కాగితం మీద సంతకం పెడుతూ "మీరు చెప్పారంటే మావాడి మంచికే కదా సార్" అన్నాడు. వాడి మంచికి కాదని నాకు తెలుసు. నోరు మెదపలేదు.

అందుకే హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు పాస్ శాతం అడక్కండి, దానికి జవాబు రెడీగా ఉంటుంది. ఇలా అడగండి: "ఈ ఏడు పరీక్ష రాసిన బ్యాచ్ హైస్కూల్లో చేరినప్పుడు ఎంతమంది? మధ్యలో ఎంతమంది టీసీలు తీసుకున్నారు?" రిజిస్టర్లో ఉండే అంకెలే ఇవి, గుమాస్తా అయిదు నిమిషాల్లో తీసి ఇవ్వగలడు. అంకె కంటే కూడా ఆ ప్రశ్నకి ఎదుటి మనిషి మొహం ఎలా మారిందో చూడండి. నా సర్వీసులో ఆ ప్రశ్న అడిగిన తల్లిదండ్రులు ఇద్దరే ఇద్దరు. ఇద్దరికీ నిజమే చెప్పాను, కానీ చెప్పడానికి ముందు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

ఏ అంకెతో మనుషుల్ని బెదిరిస్తారో, బహుమతులిస్తారో, ఆ అంకె చెడిపోవడం మొదలుపెడుతుంది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే ఈ సంగతి రాశాడు. తర్వాత అదే దేశంలో అట్లాంటా నగరంలో అది కళ్లకు కట్టింది. అక్కడ 2009లో జరిగిన పరీక్షల్లో పిల్లలు రాసిన తప్పు జవాబుల్ని చెరిపేసి టీచర్లే దిద్దారని 2011లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. 44 బడులు, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు. మా లిస్టు దానికి చిన్నాన్న కొడుకు, అంతే.

ఇక చిన్న బడి 93 నుంచి 80కి పడిపోయిందని మీరు కంగారు పడుతున్నారు. అక్కడ పరీక్ష రాసింది ముప్ఫై మంది అన్నారు. 93 అంటే 28 మంది పాస్. 80 అంటే 24 మంది. తేడా నలుగురు పిల్లలు. ఒకడికి పరీక్షల ముందు జ్వరం వచ్చింది, ఒకమ్మాయి ఇంట్లో ఎవరో పోయారు, ఇద్దరు ఎప్పట్నుంచో వెనకబడి ఉన్నారు. అయిపోయింది, పదమూడు శాతం. పై ఉదాహరణలోలా 200 మంది రాసే పెద్ద బడిలో అదే నలుగురు ఫెయిలైతే శాతంలో తేడా రెండు. కాబట్టి చిన్న బడి విషయంలో ఒక ఏడు ఫలితం చూసి పొగడకూడదు, తిట్టకూడదు. కనీసం అయిదేళ్ల పిల్లల్ని ఒకచోట కలిపి లెక్కేయాలి.

ఇది మన ఊరి సమస్య ఒక్కటే కాదు. 2000 తర్వాత గేట్స్ ఫౌండేషన్ అమెరికాలో పెద్ద హైస్కూళ్లను చిన్నవిగా విడగొట్టడానికి చాలా డబ్బు పోసింది. బాగా చదివే బడుల జాబితాల్లో పైన చిన్న బడులే ఎక్కువ కనిపించడం అప్పట్లో చిన్న బడుల మీద మోజుకి ఒక కారణం. హోవార్డ్ వైనర్ అనే గణాంక శాస్త్రవేత్త పెన్సిల్వేనియా రాష్ట్రపు మార్కులు తీసి చూపించాడు. పైన చిన్న బడులు ఎక్కువగా ఉన్న మాట నిజమే. కానీ జాబితా అడుగున కూడా అవే ఎక్కువ. పిల్లలు తక్కువైన చోట సగటు అటో ఇటో ఎగిరిపడుతుంది, అంతకు మించి అందులో మహత్తు లేదు. లెక్కల మాస్టర్ని కదా, ఈ ఒక్క ఉదాహరణ క్లాసులో కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను.

సరే, అంకెలన్నీ నిజాయితీగా ఉన్నాయనే అనుకుందాం. పాత బడి నిజంగానే చేరినవాళ్లలో 95 శాతాన్ని గట్టెక్కిస్తోంది. అప్పుడైనా దాన్లో వేసేయాలా? ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పేరున్న బడికి ఎవరొస్తారు? ఇంట్లో చదువు చెప్పేవాళ్లున్న పిల్లలు, కింది తరగతుల్లో ముందున్న పిల్లలు. వాళ్లు ఏ బడిలో వేసినా పాసవుతారు. అమెరికాలో జేమ్స్ కోల్మన్ బృందం 1966లో ఆరు లక్షలకు పైగా పిల్లల్ని పరిశీలించి ఇచ్చిన నివేదిక అప్పట్లో పెద్ద దుమారం లేపింది. పిల్లల మార్కుల్లో తేడాలకి బడికి ఉన్న వసతుల కంటే ఇంటి పరిస్థితి, తోటి పిల్లలు ఎక్కువ కారణమని అది చెప్పింది. దాని మీద తర్వాత వాదనలు చాలా జరిగాయి, కానీ ఇంటి పరిస్థితి ప్రభావం పెద్దదన్న మాట మాత్రం చాలావరకు నిలబడింది.

అలాగైతే బడి మార్చినందువల్ల లాభమెంత అని తెలుసుకోవడమెలా? దానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. సీటుకి కటాఫ్ మార్కులు ఉన్నచోట, ఒక మార్కు తేడాతో సీటొచ్చినవాళ్లనీ, ఒక మార్కు తేడాతో పోగొట్టుకున్నవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూడటం. ఆ రెండు గుంపుల పిల్లలూ దాదాపు ఒకటే కదా. బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ఎంట్రన్స్ పెట్టి తీసుకునే పేరుమోసిన ప్రభుత్వ హైస్కూళ్ల మీద ఇలా చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. అంచు మీద సీటొచ్చిన పిల్లలకి తర్వాతి పరీక్షల్లో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు.

మీకు మరీ దగ్గరగా ఉండేది రుమేనియా అధ్యయనం, 2013లో వచ్చింది. అక్కడ చాలా చిన్న పట్టణాల్లో రెండు మూడు హైస్కూళ్లే ఉంటాయి, మార్కుల్ని బట్టి ఎవరు ఎక్కడికో తేలుతుంది. అచ్చం మీ ఊరి బొమ్మే. అంచు మీద మెరుగైన బడికి వెళ్లిన పిల్లలకి చివరి పరీక్షలో లాభం ఉంది, కానీ కొంచెమే. ఆ కొంచెంతో పాటు ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. మంచి బడి దొరికింది కదా అని తల్లిదండ్రులు ఇంట్లో హోంవర్క్ పట్టించుకోవడం తగ్గించేశారు. ఆ పిల్లలేమో అక్కడ తామే వెనకబడ్డవాళ్లమని గ్రహించి, తోటివాళ్లు తమని పక్కన పెడుతున్నట్టు బాధపడ్డారు.

నా పిల్లలిద్దరూ వేర్వేరు బడుల్లో చదవడానికి కారణం ఇదే, అయితే నాకు అప్పుడు రుమేనియా గిమేనియా తెలియదు. పెద్దవాడు పోటీ ఉంటే రెచ్చిపోయే రకం, పేరున్న బడిలో వేశాను, కలిసొచ్చింది. అది చూసి రెండోదాన్నీ అక్కడే వేశాను. మొదటి యూనిట్ టెస్టులో ముప్ఫై ఎనిమిదో స్థానం వచ్చింది. కింది బడిలో ఎప్పుడూ మొదటి అయిదుగురిలో ఉండేది. ఆ తర్వాత చెయ్యెత్తి డౌట్ అడగటం మానేసింది. లెక్కల మాస్టారి కూతురు లెక్కల పీరియడ్‌లో తలొంచుకుని కూర్చుంటోందని నాకు చెప్పింది కూడా వేరేవాళ్లు. ఏడాది తిరగ్గానే మామూలు బడికి మార్చాను. మా బంధువులు "వెనక్కి లాగుతున్నావేంటి" అన్నారు. అక్కడ రెండు నెలల్లో మళ్లీ నోరు విప్పింది. మీ అమ్మాయి గురించి మీరు రాసిన రెండు వాక్యాలు చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే మాట. మీరు బడుల్ని పోలుస్తున్నారు, మీ అమ్మాయి కూర్చునేది మాత్రం ఒక గదిలో, కొందరు టీచర్ల ముందు. 2018లో జరిగిన పీసా పరీక్షల్లో (15 ఏళ్ల పిల్లలకి చాలా దేశాల్లో ఒకేసారి పెట్టేది) ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల సగటు తీస్తే, చదివి అర్థం చేసుకోవడంలో పిల్లల మధ్య తేడాల్లో 29 శాతమే ఒక బడికీ ఇంకో బడికీ మధ్య ఉన్నది. మిగతా 71 శాతం ఒకే బడిలోని పిల్లల మధ్య ఉన్న తేడా. ఇంట్లో పరిస్థితులు, పిల్లల శక్తి, పడ్డ టీచర్లు అన్నీ అందులో కలిసే ఉంటాయి. అయినా ఒకటి మాత్రం తెలుస్తుంది, బడి పేరు ఒక్కటే పెద్దగా ఏమీ చెప్పదు.

కాబట్టి ఏ బడి అని తేల్చుకోవడంతో పని సగమే అవుతుంది. ఏ సెక్షన్, లెక్కలు ఎవరు చెప్తారు అన్నది రెండో సగం. రుమేనియా అధ్యయనంలోనే ఇంకో విషయం ఉంది: మంచి టీచర్లు మంచి మార్కులున్న పిల్లల క్లాసుల వైపే చేరుకుంటున్నారని. స్టాఫ్‌రూమ్‌లో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాడికి ఇది చెప్పక్కర్లేదు. సంవత్సరం మొదట్లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడు సీనియర్లు "ఏ" సెక్షన్ పట్టుకుంటారు, మొన్న చేరిన కుర్ర టీచర్‌కి చివరి సెక్షన్ అంటగడతారు. టీచర్‌కి మొదటి కొన్నేళ్ల అనుభవమే బాగా పనికొస్తుంది, ఎక్కువగా నేర్చుకునేది అప్పుడే. ఆ నేర్చుకోవడం బలహీనమైన పిల్లల మీద జరుగుతుంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టే బడిలో మీ అమ్మాయిలాంటి మధ్యస్థం పిల్లలు ఎటుపడతారో అడగండి. కలగలిపి వేసే బడి అయితే నా ఓటు దానికే.

బడి చూడ్డానికి వెళ్లండి. ఫోన్ చేసి చెప్పి వెళ్తే వాళ్లు చూపించేది చూస్తారు, కాబట్టి రెండుసార్లు వెళ్లండి, ఒకటి చెప్పి, ఒకటి చెప్పకుండా. సోమవారం వద్దు, ఆ రోజు అందరూ హడావుడిగా ఉంటారు. వారం మధ్యలో, మధ్యాహ్నం తర్వాత రెండో పీరియడ్ మంచి సమయం. బడి నిజస్వరూపం అప్పుడే బయటపడుతుంది. టీచర్ లేని క్లాసులు ఎన్ని, అందులో పిల్లలు ఏం చేస్తున్నారు, వరండాలో ఎంతమంది తిరుగుతున్నారు, చూసుకోండి.

హెడ్మాస్టర్ గదిలో గోడ మీద టైమ్‌టేబుల్ ఉంటుంది. దాని మీద దిద్దుబాట్లు చూడండి. ఒకే టీచర్ పేరు మీద మూడు నాలుగు చోట్ల తెల్ల కాగితం అంటించి వేరే పేరు రాసి ఉందంటే, ఆ సబ్జెక్టుకి మనిషి లేడు, ఎవరో ఒకరు నెట్టుకొస్తున్నారని అర్థం. డ్రిల్ మాస్టర్ సైన్స్ చెప్తున్న బడులు నేను చూశాను. పోస్టు ఖాళీగా ఉందా, ఎన్నాళ్లనుంచి అని సూటిగా అడగండి. "పై వాళ్లకి రాశామండీ" అంటే ఈ ఏడు రానట్టే. లెక్కల టీచర్ ఖాళీ ఉన్న బడి ఎంత పెద్ద పేరున్నదైనా, లెక్కలంటే జంకే పిల్లని అందులో వేయొద్దు. దీంట్లో నాకు రెండో అభిప్రాయం లేదు.

తర్వాత నోటుబుక్కులు. నేను హెడ్మాస్టర్‌గా ఉన్నప్పుడు ఏ క్లాసుకి వెళ్లినా ముందు ఈ పనే చేసేవాణ్ణి. చివరి బెంచీలో ఎవరో ఒకరి లెక్కల నోటుబుక్ అడిగి తీసుకోండి (పిల్లలు ఇస్తారు, మొహమాటపడకండి). మధ్య పేజీ తెరవండి. ఎర్ర టిక్కులు వరసగా ఉంటాయి. ఒక లెక్క మీరే చేసి చూడండి. తప్పు జవాబు మీద కూడా టిక్కే ఉంటే, ఆ టీచర్ చదవకుండా పేజీలు తిప్పుతూ టిక్కులు కొట్టాడన్నమాట. నేను చూసిన ఒక పుస్తకంలో పిల్ల సగం లెక్క చేసి వదిలేసిన చోట కూడా టిక్కు, కింద "గుడ్" అని సంతకం. దానికి పూర్తి వ్యతిరేకంగా ఇంకో పుస్తకం గుర్తుంది. టీచర్ మూడో మెట్టు దగ్గర చిన్న సున్నా చుట్టి "ఇక్కడ మైనస్ ఎటు పోయింది?" అని రాశారు. దాని కిందే పిల్ల మళ్లీ మొదట్నుంచి చేసింది, ఈసారి మైనస్‌ని రెండుసార్లు దిద్ది మరీ నల్లగా పెట్టింది. అది కనిపించిందంటే ఆ క్లాసులో చదువు జరుగుతోంది. భవనం ఎలా ఉన్నా సరే.

భవనం అన్నాను కాబట్టి ఒక్క మాట: కొత్త బిల్డింగ్, స్మార్ట్ బోర్డు, కంప్యూటర్ గది చూసి మురిసిపోకండి. ల్యాబ్‌లో సీసాల మీద దుమ్ము ఉందా, లైబ్రరీ రిజిస్టర్లో చివరి ఎంట్రీ ఎప్పటిది, అవి చూడండి చాలు. ఆడపిల్ల కాబట్టి టాయిలెట్ తప్పకుండా చూడండి, మీ భార్య చూస్తే ఇంకా మంచిది. నీళ్లు వస్తున్నాయా, గడియ పడుతుందా, తాళం వేసి ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది. తాళంచెవి మగ టీచర్ దగ్గర ఉండే బడిలో ఆడపిల్లలు ఇంటికెళ్లేదాకా నీళ్లు తాగరు. ఏ నివేదికలోనూ ఈ సంగతి రాయరు.

ఆటలు, వ్యాసరచన పోటీలు, సైన్స్ క్లబ్బులు అన్ని బడులూ ఉన్నాయనే చెప్తాయి. వీటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మీ అమ్మాయికి ఇష్టమైనది ఒక్కటి ఉందా లేదా చూసుకోండి, ఎందుకంటే త్వరగా కలవని పిల్లలకి మొదటి స్నేహితురాలు క్లాసులో కంటే అలాంటి చోటే దొరుకుతుంది.

హాజరు సంగతి మాత్రం పట్టించుకోండి. చదువు మానేయబోయే పిల్ల ముందు మార్కుల్లో కనిపించదు, గైర్హాజరీలో కనిపిస్తుంది. అమెరికాలో చాలాచోట్ల పని దినాల్లో పదో వంతు రాకపోతే ప్రమాదం అంటారు, అంటే 180 రోజుల సంవత్సరంలో 18 రోజులు. నెలకి రెండు రోజులే కదా అనిపిస్తుంది. "పిల్ల రెండు రోజులు రాకపోతే మీరేం చేస్తారు?" అని ఒక క్లాస్ టీచర్‌ని అడగండి. "ఫోన్ చేస్తాం" అంటే, "పోయిన వారం ఎవరికి చేశారు?" అని నవ్వుతూ అడగండి. నిజంగా చేసేవాళ్లకి పేరు ఠక్కున గుర్తొస్తుంది.

హైస్కూల్ మొదటి ఏడు మీద ప్రత్యేకంగా కన్నేయాలి. షికాగోలో ఈ విషయం మీద చాలా పనిచేశారు. హైస్కూల్ మొదటి ఏడాదిలో సబ్జెక్టులు పెద్దగా ఫెయిలవకుండా గాడిలో ఉన్న పిల్లలు, గాడి తప్పినవాళ్ల కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువగా నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తి చేశారని 2005లో తేల్చారు. కింది తరగతుల్లో ఎన్ని మార్కులొచ్చాయన్న దాని కంటే ఇదే బాగా ముందే చెప్పగలిగింది. మనవాళ్లు సాధారణంగా దీనికి ఉల్టాగా చేస్తారు. మంచి టీచర్లందర్నీ ఫైనల్ ఇయర్‌కి పెట్టి, స్పెషల్ క్లాసులు, తెల్లారుజామున స్టడీ అవర్లు అన్నీ వాళ్లకే పెట్టి, కొత్తగా చేరినవాళ్లని గాలికి వదిలేస్తారు. హెడ్మాస్టర్‌గా మొదటి రెండేళ్లు నేనూ అదే చేశాను. మూడో ఏడు నుంచి ఒక సీనియర్ లెక్కల టీచర్‌ని బతిమాలి మొదటి ఏడాది పిల్లలకి పెట్టాను. ఆవిడ మొదట నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆవిడే "వీళ్లతోనే ఉంటాను" అన్నారు. మీరు అడగాల్సిన ప్రశ్న: "కొత్తగా చేరినవాళ్లకి లెక్కలు ఎవరు చెప్తున్నారు, ఆయన సర్వీసు ఎంత?"

దూరం గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. పాత బడి మీ ఇంటికి ఎంత దూరమో ముందు చూసుకోండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తున్నారు. ఆ వయసులో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి త్వరగా పడుకోమన్నా నిద్ర పట్టదు. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని సూచించింది. సియాటిల్ నగరంలో 2016లో బడి వేళని 7:50 నుంచి 8:45కి జరిపితే, పిల్లల నిద్ర సుమారు 34 నిమిషాలు పెరిగిందని కొలిచి మరీ చూపించారు. ఇటు రానుపోను గంటన్నర ప్రయాణం పెట్టారంటే ఆ గంటన్నర నిద్రలోంచే పోతుంది, హోంవర్క్‌లోంచి పోదు. స్నేహితులు కూడా అటువైపు వాళ్లే అవుతారు, సాయంత్రం కలిసి చదువుకోవడానికి ఎవరూ ఉండరు. మీ అమ్మాయికి ఇది మామూలు నష్టం కాదు.

పెద్ద బడా, చిన్న బడా అన్న దానికి ఇదీ అని చెప్పలేను. చిన్న బడిలో అందరికీ పిల్ల పేరు తెలుస్తుంది, రాకపోతే ఆరోజే తెలిసిపోతుంది. కానీ సబ్జెక్టుకి ఒక్కడే టీచర్, ఆయనతో పొసగకపోతే హైస్కూల్ అయ్యేదాకా ఆయనే. ఆయన సెలవు పెడితే క్లాసు లేదు. స్నేహాలు కూడా అంతే, ముప్ఫై మందిలో ముగ్గురు గుంపు కట్టి వెలేస్తే పారిపోవడానికి చోటుండదు. పెద్ద బడిలో ఒక సెక్షన్ నచ్చకపోతే ఇంకోటి అడగొచ్చు, తనలాంటి నెమ్మదస్తురాలు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. కానీ అక్కడ గొంతు లేని పిల్ల ఏడాదంతా ఎవరి కంటా పడకుండా గడిపేయగలదు. పెద్ద బడిలో వేస్తే క్లాస్ టీచర్‌ని మొదటి నెలలోనే కలిసి "మా అమ్మాయి తనంతట తాను అడగదు, మీరే కదపండి" అని చెప్పి రావాలి. చాలామంది టీచర్లు ఆ ఒక్క మాటతో పిల్లని గుర్తు పెట్టుకుంటారు.

చివరగా, ఎవర్ని అడగాలి. బడిలో టాపర్ల తల్లిదండ్రుల్ని అడక్కండి, వాళ్లకి ఏ బడైనా స్వర్గమే. మీ అమ్మాయిలాంటి మధ్యస్థం పిల్లలున్న ఇళ్లని, మరీ ముఖ్యంగా ఒక బడి మాన్పించి ఇంకో బడిలో వేసినవాళ్లని పట్టుకోండి. చిన్న ఊళ్లో అలాంటివాళ్లు దొరకడం కష్టమేం కాదు. పిల్లల్ని కూడా అడగండి, అయితే "మీ బడి బాగుందా" అని కాదు. "లెక్క అర్థం కాకపోతే ఎవరి దగ్గరికి వెళ్తావ్?" అని అడగండి. టీచర్ పేరు చెప్తే ఒక రకం బడి, ట్యూషన్ మాస్టారి పేరు చెప్తే ఇంకో రకం, భుజాలెగరేస్తే మూడో రకం.

మీరు రాసిన దాన్ని బట్టి నన్ను తేల్చమంటే, పెద్ద బడి దగ్గర మొదలుపెట్టమంటాను. సెక్షన్లు కలగలిపి వేస్తున్నారా, కొత్తగా చేరినవాళ్లకి లెక్కల టీచర్ ఎవరు అన్న రెండింటికీ సరైన జవాబు వస్తే ఇంకెక్కడికీ తిరగక్కర్లేదు. రాకపోతే చిన్న బడి, అయిదేళ్ల ఫలితాలు కలిపి చూసి, లెక్కల పోస్టులో మనిషి ఉన్నాడని రూఢి చేసుకున్నాక. పాత బడిని మూడో స్థానంలో పెడతాను. చేరినవాళ్లెందరో, రాసినవాళ్లెందరో చూపించి నా లెక్క తప్పని వాళ్లు నిరూపిస్తే సంతోషంగా మాట మార్చుకుంటాను.

బడులు తెరిచాక మొదటి రెండు వారాలు సీట్ల సర్దుబాటుతోనే పోతాయి, ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు. ఈ విద్యా సంవత్సరం అయిపోకముందే ఒకసారి వెళ్లి చూసి రండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. ఏ బడి వరండాలో మీ చెయ్యి వదిలి నాలుగడుగులు ముందుకేసిందో గమనించండి.